మాస్కుల రోజుల్లో కొత్త బ్యాచ్ వస్తోందా? మెడికల్ కాలేజీ సీనియర్లు చేయాల్సిన పనులు

నేను 2021 మొదట్లో శ్రీకాకుళంలో ఎంబీబీఎస్‌లో చేరాను. మాది నరసరావుపేట వైపు. మామూలు రైళ్లు ఇంకా పట్టాలెక్కలేదు, రిజర్వేషన్ ఉంటేనే ఎక్కనిచ్చే స్పెషల్ రైళ్లే తిరుగుతున్నాయి. నాన్నా నేనూ తెల్లారుజామున ఆమదాలవలసలో దిగి ఆటోలో కాలేజీకి వెళ్లాం. గేటు దగ్గర వాచ్‌మన్ నా ట్రంకు పెట్టె లోపలికి లాగాడు, నన్నూ పంపాడు. నాన్నని మాత్రం ఆపేశాడు. కోవిడ్ కాబట్టి తల్లిదండ్రులకు పర్మిషన్ లేదట. నేను నాలుగేళ్లు ఉండబోయే గది నాన్న చూడనే లేదు. సాయంత్రం బండి టైమయ్యేదాకా ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గరే కూర్చున్నాడనీ, నాకేమైనా అవసరం పడుతుందేమోనని కదల్లేదనీ ఏడాది తర్వాత అమ్మ చెబితే తెలిసింది.

తర్వాతి ఏడాది ఒమిక్రాన్ రోజుల్లో మా జూనియర్లు వచ్చారు. అప్పుడు మేం పదిమందిమి కూర్చుని, మనకి జరిగినట్టు వీళ్లకి జరగకూడదని కొన్ని ఏర్పాట్లు చేశాం. కొన్ని కుదిరాయి, కొన్ని బెడిసికొట్టాయి. ఇప్పుడు నేను హౌస్ సర్జన్ని. కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని డబ్ల్యూహెచ్‌వో 2023 మే 5న ప్రకటించింది, ఆ వానాకాలంలోనే కండ్లకలక హాస్టళ్లని చుట్టేసింది. ఏదో ఒకటి మళ్లీ వస్తుంది. అప్పుడు సెకండియర్‌లో ఉండే మీకోసం ఇది రాస్తున్నాను.

ముందే ఒక్క మాట. కొత్త పిల్లలకి స్వాగతం పలకడమంటే నా లెక్కలో పని ఒక్కటే. తలుపు వేసుకుని గదిలో ఒక్కరే ఉన్నప్పుడు కూడా, ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఈ ఊళ్లో ఒకరున్నారని వాళ్లకి తెలియాలి. మిగతావన్నీ దాని చుట్టూ చేసే ఏర్పాట్లే.

రాకముందే ఫోన్ చేయండి

అలాట్‌మెంట్ లిస్టు విజయవాడ హెల్త్ యూనివర్సిటీ నుంచి రాగానే అందరూ చేసే మొదటి పని వాట్సాప్ గ్రూపు పెట్టడం. పెట్టండి, తప్పులేదు. కానీ 150 మంది ఉన్న గ్రూపులో ఒక్క రాత్రికి ఆరేడు వందల మెసేజ్‌లు పడతాయి. అందులో "ఆర్‌టీపీసీఆర్ రిపోర్టు ఎన్ని గంటల లోపుది కావాలి?" అన్న ప్రశ్నకి నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. కాబట్టి గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టి, సమాచారం అందులో వేయండి. మాటలు మాత్రం ఫోన్లో.

బ్యాచ్‌లో 150 మంది ఉంటే ముప్పై మంది సీనియర్లు చాలు, ఒక్కొక్కరికి ఐదుగురు. ఆడపిల్లలకి ఆడపిల్లలే చేయాలి. మొదటి ఫోన్ పగటిపూటే చేయండి, పిల్లలతో పాటు ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడండి. "అమ్మా, నేను సెకండియర్. మీ పాప వచ్చిన రోజు గేటు దగ్గర నేనే ఉంటాను" అన్న ఒక్క మాటకి ఆ తల్లి గొంతు ఎలా మారిపోతుందో మీకే తెలుస్తుంది.

ఆ ఫోన్లోనే కొన్ని అడగాలి. టీకా ఎన్ని డోసులైంది? చేరేనాటికి పదిహేడేళ్లవాళ్లు చాలామంది ఉంటారు. మా జూనియర్ల వయసువాళ్లకి, అంటే 15 నుంచి 18 ఏళ్ల వాళ్లకి, టీకా మొదలైందే 2022 జనవరి 3న. కోవాగ్జిన్‌కి రెండో డోసు 28 రోజులకి కాబట్టి, కొందరికి ఆ తేదీ సరిగ్గా చేరే వారంలో పడింది. అలాంటివాళ్లని ఇంటి దగ్గరే వేయించుకుని రమ్మన్నాం. ఆస్తమా ఉందా, ఫిట్స్ ఉన్నాయా, రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా? ఇవి అడిగినప్పుడు విన్నది విన్నట్టు ఎవరికి చెబుతారో కూడా వాళ్లకి చెప్పండి. మేం వార్డెన్ మేడమ్‌కి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదనుకున్నాం. కానీ మా జట్టులోనే ఒకరు ఒకమ్మాయి సంగతి కాంటీన్‌లో నోరు జారారు. ఆ అమ్మాయి ఆ సంవత్సరమంతా మాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇంట్లో ఎవరినైనా కోల్పోయారా అని మాత్రం నేరుగా అడగొద్దు. "నాన్నగారేం చేస్తారు?" అన్న మామూలు ప్రశ్న కూడా సెకండ్ వేవ్ తర్వాత మామూలు ప్రశ్నలా లేదు. "ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" అనండి, చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు.

దారి చెప్పడం చిన్న పనేం కాదు

శ్రీకాకుళం రోడ్ అనే స్టేషన్ శ్రీకాకుళంలో లేదు. అది ఆమదాలవలసలో ఉంది, అక్కడి నుంచి టౌన్‌కి పది పన్నెండు కిలోమీటర్లు. కడప నుంచో రాజస్థాన్ నుంచో వచ్చేవాళ్లకి ఈ సంగతి తెలియదు. తెల్లారుజామున నాలుగింటికి దిగి, షేర్ ఆటోలో తొమ్మిదో మనిషిగా ఇరుక్కుని వస్తే, దూరం దూరంగా నిలబడాలని మీరు గేటు దగ్గర గీసిన తెల్ల సున్నం గుండ్రాలకి అర్థమేముంది? ఏ బండికి వస్తున్నారో ముందే రాసుకుని, ఒకే బండికి దిగేవాళ్లని ముగ్గురు ముగ్గురుగా కలపండి. తెలిసిన ఆటో అన్నలు ఇద్దరు ముగ్గురితో రేటు మాట్లాడి పెట్టండి. విజయనగరం వైపు కాలేజీలకైతే ఇంత ఇబ్బంది లేదు, స్టేషన్ ఊళ్లోనే ఉంది.

అందరినీ ఒకే రోజు రమ్మనకండి. మేం పూటకి 25 మంది చొప్పున మూడు రోజులు పెట్టాం. దూరం నుంచి వచ్చేవాళ్లకి ఉదయం, చుట్టుపక్కలవాళ్లకి మధ్యాహ్నం. ఆఫీసులో ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకునే గుమాస్తా గారికి ఈ లిస్టు ముందు రోజే ఇవ్వండి, లేకపోతే మీ ప్లానంతా ఆయన కౌంటర్ ముందు క్యూలో కలిసిపోతుంది. మాకు మొదటి రోజు అదే జరిగింది.

గేటు దగ్గర

ఇక్కడ నేను కాస్త ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోవద్దు.

ఒకరిని, ఒక్కరినే అయినా సరే, ఇంట్లో మనిషిని లోపలికి రానివ్వండి. దీనికి ప్రిన్సిపాల్ గారి అనుమతి కావాలి, అది వాచ్‌మన్ చేతిలో పని కాదు. అందుకని ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి: మాస్కుతో ఒక్కరే, పదిహేను నిమిషాలు, గదిలోకి కాదు గది గుమ్మం దాకా, వెంట ఒక సీనియర్. ఇలా కొలతలతో అడిగితే మా ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు. "పేరెంట్స్‌ని అలౌ చేయండి సార్" అని ఊరికే అడిగిన వారం ముందు ఒప్పుకోలేదు.

గుమ్మం దగ్గర తల్లులు చూసేవి రెండే: కిటికీ ఉందా, బాత్రూమ్ ఎంత దూరం. ఒకావిడ పరుపు నొక్కి చూసి, ఏమీ అనకుండా బ్యాగులోంచి ఇంకో దుప్పటి తీసి వేసింది. అంతటితో ఆవిడ పని అయిపోయింది, నిశ్చింతగా వెళ్లిపోయింది.

లోపలికి రానిచ్చే వీలే లేకపోతే, సీనియర్ ఒకరు గది దాకా నడుస్తూ వీడియో కాల్‌లో చూపించాలి. గేటు బయట కూర్చోడానికి కుర్చీలు, నీళ్లు, నీడ ఉండాలి. షామియానా అద్దె పెద్దగా ఉండదు.

నుదుటి మీద పెట్టే థర్మామీటర్ గన్‌ని నమ్ముకోకండి. ఎండలో నిలబడినవాడికి ఎక్కువ చూపిస్తుంది, చెమట పట్టినవాడికి తక్కువ చూపిస్తుంది. మన తీరప్రాంతపు ఉక్కలో రెండూ ఒకేసారి ఉంటాయి. పది నిమిషాలు నీడలో కూర్చోబెట్టి అప్పుడు చూడండి. దానికంటే ముఖ్యం నోటితో అడగడం: గొంతు నొప్పి ఉందా, రాత్రి ఒళ్లు వెచ్చబడిందా, రైల్లో పక్కన ఎవరైనా దగ్గారా? వెనక్కి పంపేస్తారేమోనన్న భయం ఉంటే పిల్లలు నిజం చెప్పరు. "ఉందని చెబితే వెనక్కి పంపం, వేరే గదిలో పెట్టి అన్నం పెడతాం" అని ముందే చెప్పండి.

గదులు, మెస్

కిటికీలు తెరిచి ఉంచడం కంటే మంచి మందు హాస్టల్‌లో లేదు. దోమల వల్ల మూసేస్తారు, కాబట్టి దోమతెర తెచ్చుకోమని ఫోన్లోనే చెప్పండి. కంచం, గ్లాసు, చెంబు ఎవరివి వాళ్లకే. ఒకే బాత్రూమ్ వాడే ఆరుగురిని ఒక జట్టుగా లెక్కేసి, ఆ ఆరుగురూ కలిసి తినేలా, కలిసి క్లాసుకి నడిచేలా చూడండి. ఎవరికైనా జ్వరం వస్తే ఎవరిని గమనించాలో వెతుక్కోనక్కర్లేదు. పైగా మొదటి వారంలోనే ఐదుగురు స్నేహితులు దొరుకుతారు. మెస్ మూడు విడతలు. మాటలు తినేటప్పుడు వద్దు, తిన్నాక మాస్కు పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఎంతసేపైనా.

దూరం పిల్లల సంగతి చెప్పాను గానీ, నిజానికి ఎక్కువ జాగ్రత్త కావాల్సింది దగ్గర పిల్లలకి. కవిటి, సోంపేట, మందస వైపు నుంచి వచ్చినవాళ్లు శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఇంటికి పోతారు. ఆ వైపు ఉద్దానం ఊళ్లలో చాలా ఇళ్లలో కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్లు, డయాలసిస్‌కి తిరిగేవాళ్లు ఉంటారు. హాస్టల్‌లో పిల్లాడికి రెండు రోజుల రొంపగా పోయేది, ఆ ఇంట్లో తాతకి ప్రాణం మీదికి రావచ్చు. "ఇంటికి వెళ్లొద్దు" అని ఆర్డర్ వేస్తే గోడ దూకుతారు. అలాంటి ఇల్లున్నవాళ్లతో విడిగా మాట్లాడి, మొదటి మూడు వారాలు ఆగమని, వెళ్లినా అరుగు మీదే మాస్కుతో ఉండమని కారణం చెప్పి ఒప్పించండి. డాక్టర్ చదువు వాళ్లకి అక్కడే మొదలవుతుంది.

పాజిటివ్ వస్తే

వస్తుంది. కనీసం ఇద్దరికి వస్తుంది అనుకునే రెండు గదులు ముందే శుభ్రం చేయించి పెట్టండి. విడి బాత్రూమ్, కిటికీ, ప్లగ్ పాయింట్, కెటిల్. మాకు అన్నీ కుదిరాయి, ప్లగ్ పాయింట్ ఒక్కటి పనిచేయలేదు. ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఒక పిల్లాడు రాత్రంతా ఎవరికీ దొరకలేదు. మేం ఇచ్చిన నంబర్లన్నీ ఆ చచ్చిన ఫోన్లోనే ఉన్నాయి. అప్పటి నుంచి నంబర్లు కాగితం మీద రాసి గోడకి అంటించడం మొదలుపెట్టాం.

రిపోర్టు రాగానే మొదట ఆ పిల్లాడికి చెప్పాలి, తర్వాత తనచేతే ఇంటికి ఫోన్ చేయించాలి, తర్వాతే వార్డెన్ ద్వారా జట్టులో మిగతా ఐదుగురికి. గ్రూపులో పేరు పెట్టొద్దు. ఇంటికి ముందు ఎవరో మూడో మనిషి ద్వారా తెలిస్తే ఆ తల్లిదండ్రులు రాత్రికి రాత్రే కారు మాట్లాడుకుని బయల్దేరతారు.

2022 జనవరిలో వచ్చిన నిబంధన ప్రకారం లక్షణాలు స్వల్పంగా ఉన్నవాళ్లకి పాజిటివ్ వచ్చిన రోజు నుంచి ఏడు రోజులు, చివరి మూడు రోజులూ జ్వరం లేకపోతే బయటికి. తర్వాత వచ్చే జబ్బుకి ఈ లెక్క వేరే ఉండొచ్చు, అప్పటి ఉత్తర్వు చూసుకోండి. ఆక్సీమీటర్ రోజుకి మూడుసార్లు. గోళ్ల రంగు, గోరింటాకు ఉన్న వేలికి పెడితే లెక్క తప్పుతుంది, చేతులు చల్లగా ఉన్నా అంతే. ఆక్సిజన్ 93 శాతం గానీ అంతకంటే తక్కువ గానీ చూపిస్తే ఇంకో వేలికి పెట్టి మళ్లీ చూసి, అప్పుడూ అంతే ఉంటే డ్యూటీ డాక్టర్‌కి ఫోన్. పెద్ద పుస్తకం తెరిచి మీరు వైద్యం మొదలుపెట్టొద్దు. సెకండియర్ వాళ్లకి ఫార్మకాలజీ, అంటే మందుల చదువు, కొత్తగా తగిలి ఉంటుంది, చేతులు దురద పెడతాయి. పారాసెటమాల్ దాటి ఏదీ మీ చేత్తో ఇవ్వకండి.

అన్నం గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోకండి. పెట్టాక దూరంగా నిలబడి, తలుపు తీసేదాకా ఆగి, రెండు మాటలు మాట్లాడి వెళ్లండి. మా మెస్ అక్క మూడో రోజు నుంచి చోడి (రాగి) అంబలి చేసి పంపేది. రుచీ వాసనా పోయినవాళ్లకి కూడా అది గొంతు దిగేది, ఎందుకో.

మొదటి రోజు కార్యక్రమం

ఆడిటోరియం వద్దు. ఏసీ హాల్లో తలుపులు మూసి ఏడుగురు పెద్దలు ప్రసంగాలు చేస్తే, వైరస్‌కి మనమే స్వాగతం పలికినట్టు. పోర్టికోలోనో చెట్ల కిందో, 25 మంది చొప్పున, నలభై నిమిషాలు చాలు. ఫౌండేషన్ కోర్సు ఎలాగూ ఉంటుంది, చెప్పాల్సినవి అందులో చెబుతారు.

నాకు నచ్చిన ఏర్పాటు ఒకటి మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఆలోచన. ప్రతి ఒక్కరి మెడలో మాస్కు లేని ఫొటో ఉన్న కార్డు, కింద పెద్ద అక్షరాలతో పేరు, ఊరు. మేం చేరినప్పుడు నా రూమ్మేట్‌ని తప్ప బ్యాచ్‌లో ఎవరి ముఖమూ నేను నెలల తరబడి పూర్తిగా చూడలేదు. ఒకబ్బాయికి మీసం ఉందని సెకండ్ వేవ్ సెలవుల్లో జూమ్ క్లాసులో తెలిసింది.

ఏప్రాన్ వేసే వేడుకలో సార్లు తొడగడం మానేసి, ఎవరిది వాళ్లే వేసుకుని, దూరం దూరంగా నిలబడి ప్రమాణం చేశారు. బాగుంది. గాలికి అన్ని ఏప్రాన్లూ ఒకేసారి ఎగిరాయి.

అనాటమీ చదువుకునే బోన్ సెట్‌ని, అంటే ఎముకల సెట్టుని, సీనియర్ జూనియర్‌కి ఇవ్వడం మన కాలేజీల్లో ఆనవాయితీ. దాన్ని మానొద్దు. సంచిలో పెట్టి, మీ పేరూ, మీకిచ్చిన సీనియర్ పేరూ రాసిన చీటీ వేసి ఇవ్వండి.

డిసెక్షన్ హాల్‌కి పంపే ముందు ఒక సంగతి చెప్పండి. ఎన్95 మాస్కు తుంపర్లని, కణాలని ఆపుతుంది గానీ, శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ ఆవిరిని ఆపదు. కళ్లు మండుతాయి, ముక్కు కారుతుంది. మాస్కు పనిచేయట్లేదనో, తనకి కరోనా వచ్చిందనో కొత్తవాళ్లు హడలిపోతారు. మండిన కళ్లని గ్లవ్స్ చేత్తో రుద్దుతారు. బయటికి వచ్చి నీళ్లతో కడుక్కోమనండి. హెపటైటిస్ బి టీకా సున్నా, ఒకటి, ఆరు నెలల లెక్కన మూడు డోసులు. కోవిడ్ గొడవలో దీన్ని అందరూ మరిచిపోతారు, మొదటి డోసు ఆ నెలలోనే వేయించండి. గ్లవ్స్ ముందు, మాస్కు చివర విప్పాలన్నది చేసి చూపించండి. వార్డులు చూపిస్తామని మాత్రం తీసుకెళ్లొద్దు. మనుషులు తక్కువున్నారని ఎవరైనా ఫస్టియర్ పిల్లల్ని సాయానికి అడిగినా, కుదరదని మీరే చెప్పాలి.

భాష

మా నాన్న వైపు "ఏంది" అంటాం, ఇక్కడ "ఏటి". "బేగి రా" అంటే తొందరగా రమ్మని. గుంట అంటే ఆడపిల్ల, గుంటడు మగపిల్లాడు, చోళ్లు అంటే రాగులు. మాస్కు ఉంటే పెదాల కదలిక కనపడదు, కొత్త యాస ఇంకా కష్టం. మొదటి నెలలో మెస్ అక్క మాటలు సగం నాకు అర్థం కాలేదు, కోప్పడుతోందనుకుని తల దించుకుని తినేవాణ్ణి. ఆవిడ ఇంకొంచెం కూర వేయమంటావా అని అడుగుతోందట. బయటి జిల్లాల వాళ్లకి, హిందీ పిల్లలకి ఓ నలభై మాటల కాగితం ఇవ్వండి. జొరం, రొంప, ఆయాసం, కూకో, ఎల్లు. తర్వాత ఓపీలో అవే అక్కరకొస్తాయి. యాసని ఎగతాళి చేసే సీనియర్‌ని మాత్రం ఆ పనికి పెట్టకండి.

ఫోన్లో ర్యాగింగ్

హాస్టల్‌లో దూరం పాటిస్తున్నాం కదా, ర్యాగింగ్ ఎక్కడుందనుకోవద్దు. అది స్క్రీన్‌లోకి వెళ్లింది. రాత్రి పదకొండింటికి వీడియో కాల్, "ఇంట్రో ఇవ్వు", కెమెరా ఆన్ చేసి పాట పాడు. 1997 నుంచి మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, అది ఫోన్‌కీ వర్తిస్తుందని మీ బ్యాచ్‌లో గట్టిగా చెప్పండి. రాత్రి తొమ్మిది తర్వాత జూనియర్లకి ఎవరూ ఫోన్ చేయకూడదన్నది మా నియమం. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522, ఇదీ గోడ మీది కాగితంలోనే రాయండి. సార్, మేడమ్ అని పిలిపించుకోవడం మానేయండి. అన్నా, అక్కా చాలు. రాత్రి ఊపిరాడని పిల్ల "సార్"కి ఫోన్ చేయదు, "అక్కా" అంటుంది.

రెండో వారం

మొదటి వారం సందడి మీద గడిచిపోతుంది. పదో రోజు నుంచి చూడాలి. మెస్‌కి రెండు పూటలు రానివాళ్లు, ఆన్‌లైన్ క్లాసులో పేరు కనిపిస్తున్నా పిలిస్తే పలకనివాళ్లు, ఇంటికి ఫోన్ చేసి ఏడ్చేవాళ్లు కాదు, ఇంటికి ఫోనే మానేసినవాళ్లు. ఐదుగురే కాబట్టి మీకు తెలిసిపోతుంది. గుమ్మం దగ్గరికి వెళ్లండి, సలహాలు ఇవ్వకండి, టీకి పిలవండి. నిద్ర లేకుండా నాలుగైదు రోజులు గడిచినా, బతకాలని లేదన్న మాట వచ్చినా దాన్ని మీలోనే దాచుకోకుండా అదే గంటలో వార్డెన్‌కి, సైకియాట్రీ డిపార్ట్‌మెంట్‌కి చెప్పండి. రాత్రిళ్లు మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది.

మాలో ఇద్దరు సీనియర్లకి కూడా ఆ నెలలో జ్వరం వచ్చింది, వాళ్ల పదిమంది జూనియర్లు రెండు రోజులు ఎవరికీ పట్టకుండా పోయారు. కాబట్టి ప్రతి సీనియర్‌కీ బదులు మనిషి పేరు లిస్టులో పక్కనే ఉండాలి.

అంతా సద్దుమణిగాక లిస్టులు, గోడ కాగితాల నకళ్లు, ఆక్సీమీటర్లు ఒక పెట్టెలో పెట్టి తాళం వార్డెన్‌కి ఇవ్వండి, తర్వాతి బ్యాచ్ సీఆర్‌కి (క్లాస్ రిప్రజెంటేటివ్‌కి) చెప్పండి. ఆక్సీమీటర్లలో బ్యాటరీలు తీసేసి పెట్టండి. మేం పెట్టినవి మొన్న తెరిచి చూస్తే ఆరింటిలో నాలుగు బ్యాటరీ కారి తుప్పు పట్టి ఉన్నాయి.